ఖబూరాలో బడి ఈడు పిల్లలెందరు

రహీం ఎన్నడూ చూడని ఊరొకటి అతనికి సొంత కడప కంటే బాగా తెలుసు. అమెరికాలోని కార్వర్ ఫోర్క్ అనే టౌన్‌షిప్ అది. ముప్పై ఆరు చదరపు మైళ్ళ నేల, రెండు వాగులు, వాగుల నడుమ మొక్కజొన్న చేలు. జనాభా పద్దెనిమిది వందల నలభై. రైలు ఒకప్పుడు ఉండేదట, పట్టాలు పీకేశారు. బడి ఒక్కటే గానీ బడి బస్సులు నాలుగు. అందులో నాలుగోది రోజూ పదకొండు మైళ్ళు పోయి, చిట్టచివరి ఆవుల కొట్టం దగ్గర ఒకే ఒక్క పిల్లను ఎక్కించుకుని వస్తుంది.

ఒకే ఒక్క పిల్ల కోసం బస్సు. ఆ వాక్యం టైపు చేసిన రోజు నుంచి రహీంకు కుర్చీలో ముళ్ళు మొలిచాయి. పది నిమిషాలు కుదురుగా కూర్చోలేడు. లేస్తాడు, కిటికీ దాకా పోతాడు, రోడ్డు చూస్తాడు, మళ్ళీ వచ్చి కూర్చుంటాడు.

తొంభై రెండో సంవత్సరం జనవరి నెల. రహీం ఒమాన్‌లోని ఖబూరాలో ఒక కన్సల్టెన్సీ కంపెనీ సైట్ ఆఫీసు టైపిస్టు. కంపెనీ పెద్దాఫీసు మస్కట్‌లో, ఖురంలో ఉంది. ఖబూరా బావుల్లోకి సముద్రపు ఉప్పు ఎక్కి నిమ్మ చెట్లు ఎండిపోతున్నాయని, ఆ సంగతి తేల్చడానికి వార్నర్ అనే అమెరికా ఇంజనీరును పంపారు. నీళ్ళ కథకు ముందు ఊరి కథ ఒక అధ్యాయం రాయాలి. అదెలా ఉండాలో తెలియడానికి వార్నర్ తన సొంత ఊరి రిపోర్టు రహీం చేతికిచ్చి, ఖబూరాను ఇదే అచ్చులో పోయమన్నాడు. భౌగోళికం, జనాభా, బడులు, రవాణా. చెయ్యి తిరగాలని రహీం ఆ అమెరికా ఊరిని మూడుసార్లు టైపు కొట్టాడు.

ఖబూరా భౌగోళికం రాయడం ఎంతసేపు. ఒక పక్క కొండలు, ఒక పక్క సముద్రం, నడుమ ఖర్జూరపు తోటలు, ఎండబెట్టిన చిన్న చేపల వాసన. ఒకటే పెద్ద రోడ్డు. ఆ రోడ్డుకు ఖబూరా అంటే లెక్కలేదు, మస్కట్ నుంచి సోహార్‌కు పోతూ దారిలో అడ్డమొచ్చిన ఊరిని భుజంతో తోసి పోతుంది. కొండల్లో వాన పడితే వాది, అంటే ఎప్పుడూ ఎండి ఉండే వాగు, పొంగుతుంది, అప్పుడు రెండు రోజులు ఆ రోడ్డు కూడా ఉండదు. ఒమానీ పిల్లలకు సర్కారు బళ్ళున్నాయి, ఊరూరూ తిరిగే బస్సులున్నాయి. మనవాళ్ళ పిల్లలకు దగ్గరి ఇండియన్ స్కూలు సోహార్‌లో, డెబ్బై కిలోమీటర్ల దూరాన. సంపాదన గట్టిగా ఉన్నవాళ్ళు మస్కట్‌కు మారిపోయి, అక్కడి ఘుబ్రా పేటలో ఇండియన్ స్కూలు గేటు కనిపించే ఇల్లు తీసుకుంటారు. లేనివాళ్ళ పిల్లలు ఖబూరాలో ఎండకు నల్లబడుతూ క్రికెట్ ఆడుకుంటారు.

రహీం కూతురు తహ్రీమ్‌కు ఎనిమిదేళ్ళు. ఇంకా బడి మొహం చూడలేదు. ఈ ఏప్రిల్‌కు స్కూల్లో చేరకపోతే పిల్లను తీసుకుని కడపకు వెళ్ళిపోతానని భార్య అక్తరీ బేగం తేల్చి చెప్పింది. వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ. అక్తరీకి నిజంగా కోపమొస్తే మాత్రం తెలుగులోకి దిగుతుంది, ఎందుకంటే కడప తెలుగుకు పళ్ళు ఎక్కువ. ఈ మాట ఆమె తెలుగులోనే చెప్పింది.

"నువ్వు ఆఫీసులో కూర్చోని ఊరోళ్ళ బళ్ళన్నీ లెక్క పెడతాండావు. నీ బిడ్డకు అలీఫ్ రాదు, అఆలు రావు. ఏప్రిల్ దాకా చూస్తా. ఆ తర్వాత మా దావ మేం చూసుకుంటాం."

రహీం ఊరికే కూర్చోలేదు. సోహార్ పోయి ఒక బస్సు కంట్రాక్టరును కలిశాడు. పదిహేను మంది పిల్లలుంటే ఖబూరాకు బస్సు వేస్తానన్నాడు అతను. నోటి మాట చెల్లదని కూడా అన్నాడు. అందరూ ముప్పై మంది ఉన్నారంటారు, బస్సు వేశాక ముగ్గురు ఎక్కుతారు. పదిహేను మంది ఉన్నట్టు ఎవరైనా పెద్ద కంపెనీ రాసిన కాగితం కావాలి. అటువంటి కాగితం ఖబూరాలో పుట్టబోతున్నది ఒక్కటే, వార్నర్ రిపోర్టు. రహీం అడిగితే, లెక్క తేలాక ఆ పేజీ మీద సంతకం పెట్టి ఒక నకలు ఇస్తానని వార్నర్ ఒప్పుకున్నాడు. పిల్లలు పదిహేను కాదు, పదిహేడు మంది ఉన్నారు. రహీంకు అందరి పేర్లూ తెలుసు.

ఇక్కడే ఉంది చిక్కంతా. కాగితాల మీద రహీంకు పెళ్ళాం లేదు.

కంపెనీ అతన్ని బ్యాచిలర్ స్టేటస్ మీద తీసుకుంది. కుటుంబం తెచ్చుకోనని సంతకం చేసి, ఎనిమిది మంది ఉండే రూమ్‌లో ఒక మంచం పుచ్చుకున్నాడు. అక్తరీ వచ్చింది వేరే దారిన, సొంత వీసా మీద, ఆడవాళ్ళ బట్టలు కుట్టే దుకాణానికి దర్జీగా. దుకాణం యజమాని ముసలి ఒమానీ. అక్తరీ కుట్టుపని ఆయన భార్యకు తెగ నచ్చడంతో పిల్ల వీసా కూడా ఆయనే మంచితనంతో చేయించి పెట్టాడు. ఆ ప్రకారం ఆమె దర్జీ, ఇతను టైపిస్టు, ఇద్దరికీ ముఖపరిచయమైనా లేదు. దుకాణం వెనక గదిలో ముగ్గురూ కాపురముంటారు. కంపెనీ మంచం మీద రహీం దుప్పటి మాత్రమే పడుకుంటుంది. బజార్లో ఎదురుపడితే తహ్రీమ్ అతన్ని చాచా, అంటే బాబాయి అనాలి, ఇంట్లోకొచ్చాక అబ్బా, అంటే నాన్న. సంగతి కంపెనీకి తెలిసిందా, లోపలి ఎడారి క్యాంపుకు పంపేస్తారు. అక్కడ ఆడమనిషి నీడ కూడా పడదు.

ఖబూరాలో మిగతా మనవాళ్ళ తిప్పలు మరో రకం. ఒక కుటుంబానికని అద్దెకు తీసుకున్న ఇంట్లో ప్లైవుడ్ చెక్కలు అడ్డం కొట్టుకుని మూడు కుటుంబాలు ఉంటాయి. టైరు షాపు వాళ్ళు, దర్జీలు, క్లినిక్‌లో పనిచేసేవాళ్ళు. రెండేళ్ళ కిందట ఎవరో అధికారులు వచ్చి ఆ చెక్కలు చూసి పోయినప్పుడు, ఇళ్ళు ఖాళీ చేయిస్తారని అందరూ భయపడి రహీం దగ్గరికి పరుగెత్తారు. ఆఫీసులో పనిచేసే మనిషి గదా, కాగితాల గుట్టు తెలుసు గదా అని. రహీం పెద్దరికం మీద వేసుకుని ఉపాయం చెప్పాడు. ఫైలు పట్టుకుని ఎవరొచ్చినా పిల్లల్ని వెనక తోటలోకి పంపండి. అడిగితే, చుట్టపుచూపుగా వచ్చి పోయినారని చెప్పండి. పిల్లలకు ఎక్కాలు రాలేదు గానీ ఈ పాఠం మాత్రం గట్టిగా వచ్చేసింది. దూరాన ఫైలు కనిపిస్తే చాలు, క్రికెట్ బ్యాటు వదిలేసి పిట్టల్లా ఎగిరిపోతారు.

ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసే పని వార్నర్ ఎవరికి అప్పజెప్పాడనుకున్నారు, ఖమరుద్దీన్‌కు. ఖమరుద్దీన్ హైదరాబాదు మనిషి, సైట్ అడ్మిన్ ఆఫీసరు, మంచాల లెక్కా మనుషుల లెక్కా ఆయన చేతిలోనే. సోమవారం నుంచి లెక్క అన్నారు. అంటే ఆలోపు రహీం ప్రతి గడపా తొక్కి, పాత ఉపాయం మరిచిపోండి, ఈసారి పిల్లల్ని చూపించండి అని చెప్పాలి. ఆ మాట చెబితే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, మరి నీ పిల్ల సంగతేమిటి అని. బుధవారం సాయంత్రం రేపు చెబుదాంలే అనుకున్నాడు. గురువారం, శుక్రవారం అక్కడ సెలవు రోజులు, ఎవరి ఇళ్ళలో వాళ్ళు హాయిగా ఉంటారు, ఎందుకు చెడగొట్టడం అనుకున్నాడు. పిరికివాడికి కారణాలు కొదవా.

శనివారం పికప్ ఖాళీగా ఉందని ఖమరుద్దీన్ రెండు రోజుల ముందే లెక్కకు బయలుదేరాడు. ఆదివారం సాయంత్రానికి కాగితం రహీం బల్ల మీదికి వచ్చింది. ఖబూరాలో విదేశీ కుటుంబాల బడి ఈడు పిల్లలు, సున్న.

రహీం ఆ సున్నను రెండుసార్లు చదివాడు. తర్వాత లేచి బయటికి పోయి, లోపలికి వచ్చి, మళ్ళీ బయటికి పోయాడు. పికప్ తుడుచుకుంటున్న డ్రైవరు భూమేశ్ ఇదంతా గమనించాడు. అతనిది నిజామాబాద్ జిల్లా. ఖమరుద్దీన్‌ను లెక్కకు తిప్పింది అతనే.

"ఏమైంది రహీం భాయ్, గట్ల కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?"

"లెక్కలో ఒక్క పిల్లోడు గూడా రాలేదు భూమేశూ."

"యాడికెల్లి వస్తరు? మా బండి సప్పుడుకే ఉరికిన్రు." భూమేశ్ నవ్వాపుకోలేకపోయాడు. "టైరు షాపు జైనబక్క ఇంటి ముంగట మూడు జతల సిన్న చెప్పులున్నయి. పిల్లలేరమ్మా అంటే లేరన్నది. మరి గీ చెప్పులెవ్వరియంటే నాయేనన్నది. ఆమె కాలు సూస్తే గీ పికప్‌ల పట్టది. సార్ గూడ మారు మాట్లాడకుండ రాసుకున్నడు."

రహీంకు నవ్వు రాలేదు. ఆ అబద్ధం జైనబీకి నేర్పింది ఎవరో అతనికి తెలుసు. తన నోటితో తవ్విన గోతిలో తన పిల్లే పడింది. ఆ సున్నను టైపు చేసి ఊరుకుంటే ఏప్రిల్‌లో అక్తరీ, తహ్రీమ్ విమానమెక్కుతారు. తాను ఇక్కడే ఉండి, పరాయి ఊళ్ళ బడి బస్సులు టైపు చేసుకుంటూ ముసలివాడవుతాడు.

సోమవారం పొద్దున వార్నర్ ఆ పేజీ చూసి కళ్ళజోడు తీశాడు. పొడుగాటి, నెమ్మదైన మనిషి. రోజూ సాయంత్రం తోటల వెనక పిల్లలు క్రికెట్ ఆడుతున్న కేకలు నా గది దాకా వినిపిస్తాయి, వాళ్ళు మరి ఏ ఊరి పిల్లలు అని అడిగాడు. ఖమరుద్దీన్ గోడవారన నిలబడి ఉన్నాడు. చుట్టపుచూపు పిల్లలట సార్ అన్నాడు.

రహీం లేచి నిలబడ్డాడు. "లెక్క తప్పు సార్," అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"తెలుసు సార్. బుధవారం పది గంటలకు పిల్లల్ని ఇక్కడికే రప్పిస్తాను. మీరే లెక్కపెట్టుకోండి."

సరే అన్నాడు వార్నర్. ఖమరుద్దీన్ రహీం వైపు కొంచెం ఎక్కువసేపు చూశాడు.

ఆ సాయంత్రం, మర్నాటి సాయంత్రం రహీం గడప గడపకూ తిరిగాడు. మొన్న దాచమన్నావు, నిన్న దాచాం, ఇవాళ చూపించమంటున్నావు, నువ్వేమైనా అధికారివా, టైపిస్టువా అన్నారు. ఇల్లు ఖాళీ చేయమంటే నీ బల్ల కింద పడుకోమంటావా అని ఒక దర్జీ అడిగాడు. జైనబీ గుమ్మంలో నిలబడి అందరి మాటా తానే తేల్చింది. ఆమెది ప్రొద్దుటూరు, టైరు షాపు మెకానిక్ భార్య.

"రహీం భాయ్, చెప్పులు నావని చెప్పి నేను పడిన సిగ్గు నీకు తెల్దు. అయినా సరే, ఇంకోసారి నమ్ముతాం. ముందు నీ బిడ్డను తీసకపోయి ఆ సార్ ముందర నిలబెట్టు. మేం రోడ్డుకు ఈ పక్క చెట్ల కింద ఉంటాం. నీ బిడ్డకు ఏం గాకుంటే మా బిడ్డలు దాటుతారు."

న్యాయమైన మాట. రహీం తలూపి ఇంటిదారి పట్టాడు.

ఇంటికొచ్చి చెబితే అక్తరీ కుట్టు మిషను ఆపింది. "ఖమరుద్దీన్ ఉంటాడు గదా అక్కడ?"

"ఉంటాడు. కూతురని చెప్పను. దర్జీ కూతురు, నేను తోడు తెచ్చానంటాను. లెక్కకు అంతే చాలు."

అక్తరీ అతని మొహం చూసింది. "నీ ఇష్టం," అంది ఉర్దూలో. తెలుగులో తిట్టి ఉంటే బాగుండునని అనిపించింది రహీంకు.

బుధవారం పదింటికి రహీం తహ్రీమ్‌ను ఆఫీసు ముందు వరండాకు తీసుకొచ్చాడు. రెండు జడలు వేసి, ఉతికిన గౌను తొడిగింది తల్లి. రోడ్డుకు అవతల ఖర్జూరపు చెట్ల కింద జైనబీ, మిగతా తల్లులు, వాళ్ళ కొంగులు పట్టుకుని పదహారు మంది పిల్లలు. ఒక్కరూ కదలడం లేదు. వార్నర్ బయటికి వచ్చి తహ్రీమ్ ఎదుట గొంతుక్కూర్చున్నాడు. ఖమరుద్దీన్ ఫైలు పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

రహీం ఊరందరికీ ఏం చెప్పాలో నేర్పాడు గానీ, ఈసారి తన కూతురికి ఏమీ నేర్పడం మరిచిపోయాడు. తహ్రీమ్ కళ్ళు నేరుగా ఫైలు మీద పడ్డాయి. ఆ పిల్లకు పాత పాఠమే వచ్చు.

నీ పేరేమిటని వార్నర్ అడిగితే ఖమరుద్దీన్ ఆ ప్రశ్నను ఉర్దూలోకి మార్చి చెప్పాడు. పిల్ల పేరు చెప్పింది.

"ఎక్కడుంటావు?"

"ఇక్కడుండం. చూసి పోదామని వచ్చాం."

"ఎవరితో వచ్చావు?"

తహ్రీమ్ తండ్రి మొహంలోకి చూసింది. తప్పు చెప్పకూడదన్న పట్టుదల ఆ చిన్న మొహమంతా ఉంది. "రహీం చాచాతో," అంది. ఆ తర్వాత, ఎవరూ అడగకపోయినా, ఇంకొంచెం బాగా చేద్దామని, "ఈయన మాకు ఏమీ కాడు," అని కలిపింది.

తప్పులేకుండా ఒప్పజెప్పినందుకు మెప్పు వస్తుందని అతని వైపు చూస్తోంది. ఆ చూపు రహీం తట్టుకోలేకపోయాడు. అతనికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది, అన్నిటికంటే ముందు తన మీద తనకే చీదర పుట్టింది. పిల్లకు అక్షరం చెప్పించలేదు సరే, నేర్పిన ఒకే ఒక్క పాఠం ఇదా. రోడ్డవతల ఒక తల్లి అప్పుడే పిల్లల చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది.

"ఇది నా కూతురు," అన్నాడు రహీం ఇంగ్లీషులో. తర్వాత అవతలి వాళ్ళకు కూడా వినబడేట్టు ఉర్దూలో, ఇంకా గట్టిగా, "తహ్రీమ్ నా కూతురు. ఆ లేడీస్ టైలరు నా భార్య. దుకాణం వెనక గదిలో ముగ్గురం ఉంటాం. రెండేళ్ళ నుంచి ఉన్నాం. రాసుకోండి," అన్నాడు.

తహ్రీమ్ భయపడి అతని కాలు పట్టుకుంది. ఖమరుద్దీన్ పెన్ను కాసేపు గాలిలోనే ఆగింది. వార్నర్‌కు ఇందులో ఏమంత ఉందో అర్థం కాలేదు, ఒక వేలు చూపించి, ఒకటి అన్నాడు. అప్పుడు జైనబీ తన ముగ్గురినీ ముందుకు తోలుకుంటూ రోడ్డు దాటింది. పిల్లల కాళ్ళకు ఆ మూడు జతల చెప్పులూ ఉన్నాయి. ఆమె వెనక దర్జీల పిల్లలు, క్లినిక్ వాళ్ళ పిల్లలు. లెక్క పదిహేడు దగ్గర ఆగింది. రహీం లోపలికి పోయి సున్న కొట్టిన కాగితం తీసేసి, కొత్త కాగితం ఎక్కించాడు. వార్నర్ సంతకం పెట్టాడు. భూమేశ్ ఆ సాయంత్రమే దాన్ని సోహార్‌లో కంట్రాక్టరు చేతిలో పెట్టి, ఏప్రిల్ ఒకటి నుంచి బస్సు అనే కబురు తెచ్చాడు.

ఖమరుద్దీన్ నెల రోజులు నోరు విప్పలేదు. మార్చి మొదటి వారంలో ఒకరోజు పొద్దున రహీం బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"దేఖో మియా, ఆ రోజు వరండాల శానామంది విన్నరు. సంగతి ఖురం పెద్దాఫీసు దాకా పోయింది. నన్ను అడుగుతున్నరు. నాకూ పిల్లలున్నరు, నీ మీద నాకేం కోపం లేదు." ఆయన గొంతు తగ్గించాడు. "రెండు కాగితాలు. ఒకటి ట్రాన్స్‌ఫర్ ఆర్డరు, ఎడారిల హైమా అవతలి క్యాంపుకు. ఇంకోటి నువ్వు రాసిచ్చే రెండు లైన్లు. పిల్ల మీద జాలేసి అట్లా అన్న, ఆమె నా బిడ్డ కాదు అని. బస్సుకు దీంతోని సంబంధం లేదు, లెక్క అయిపోయింది. మన ఆఫీసుల టైపిస్టువు నువ్వొక్కనివే, ఏదైనా నువ్వే కొట్టాలె. సాయంత్రం ఏది నా ముందర పెడితే దాని మీద సంతకం జేసి పంపిస్త."

మధ్యాహ్నం భోజనానికి రహీం ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాడు. అక్తరీ విన్నంతసేపూ కుట్టు ఆపలేదు.

"కాదని రాస్తే ఇక్కడే ఉంటావా?"

"ఉంటా. పైకి ఏమీ మారదు. రేపణ్ణుంచి మళ్ళీ చాచా. నీకేమనిపిస్తుంది?"

"నన్నడగొద్దు," అంది అక్తరీ. "అడిగితే ఉండమంటాను."

ఆఫీసుకు తిరిగి వచ్చి రహీం కాగితం ఎక్కించాడు. నిమిషానికి అరవై మాటలు కొట్టగల చెయ్యి అది. ఎవరి సెలవు చీటీ అయినా, ఎవరి సంజాయిషీ అయినా, ఎవరి చావు కబురైనా ఆగకుండా కొట్టేది. అతను తేదీ కొట్టాడు, కంపెనీ పేరు కొట్టాడు, తహ్రీమ్ అనే బాలిక అని కొట్టి ఆగిపోయాడు. లేచి కిటికీ దాకా పోయాడు. వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ లేచాడు. వరండాలో పిల్ల తన మెప్పు కోసం చూసిన చూపు ఒక్కటే కళ్ళ ముందు ఆడింది. ఈ కాగితం కొడితే ఆ చూపుకు మెచ్చుకోలు ఇచ్చినట్టే అవుతుంది, శభాష్ బిడ్డా, సరిగ్గా చెప్పావు అని. కాగితం పీకి చింపేశాడు. రెండోది ఎక్కించి ట్రాన్స్‌ఫర్ ఆర్డరు ఒక్క తప్పు లేకుండా కొట్టాడు. కుటుంబ వివరాల గడిలో ఎప్పుడూ పెట్టే అడ్డగీత పెట్టలేదు, అక్తరీ బేగం భార్య, తహ్రీమ్ కూతురు అని నింపాడు. ఖమరుద్దీన్ చదివి సంతకం పెట్టాడు.

మార్చి పదకొండున బయలుదేరాలి. ఏడువందల కిలోమీటర్లు, భూమేశ్ పికప్‌లో దింపి రావాలి. బస్సు రావడానికి ఇంకా ఇరవై రోజులుంది. పొద్దున ఏడింటికి పికప్ దుకాణం ముందు ఆగింది. రహీం పెట్టె పట్టుకుని వెనక సందు వైపు తిరగబోతే అక్తరీ ముందు తలుపు తీసి పట్టుకుంది. బజారంతా చూస్తుండగా ముగ్గురూ ఆ తలుపులోంచే బయటికి వచ్చారు.

తహ్రీమ్ ఒంటి మీద స్కూలు యూనిఫాం ఉంది. ఇస్త్రీ మడత నలగలేదు. ఇప్పుడే ఎందుకు వేశావని రహీం అడిగితే అక్తరీ మొహం తిప్పుకుంది.

"నువ్వు చూస్తావని," అంది పిల్ల. "బస్సెక్కే రోజు నువ్వుండవు గదా."

భూమేశ్ ఒకసారి అతన్ని, ఒకసారి పిల్లను చూసి పికప్ దిగాడు. తలుపు బార్లా తీసి, చెయ్యి ఊపుతూ సోహార్ బస్సు కిలీనర్లా అరిచాడు.

"స్కూల్ బస్సు, స్కూల్ బస్సు. ఎవలున్నరు ఖబూరా పిల్లలు? జల్ది ఎక్కుండ్రి."

తహ్రీమ్ పకపకా నవ్వి ఎక్కేసింది. రహీం ఎక్కి పక్కన కూర్చున్నాడు. పికప్ నెమ్మదిగా, మనిషి నడిచే వేగంతో కదిలింది. అక్తరీ పక్కనే నడుస్తూ వచ్చింది. బండి టైరు షాపు దాటింది, జైనబీ ఇల్లు దాటింది, క్లినిక్ దాటింది. పిల్ల ఒడిలో లేని సంచీ పట్టుకున్నట్టు చేతులు పెట్టుకుని, వీపు నిటారుగా నిలిపి కూర్చుంది. రహీం ఆ జడలనూ, ఆ కాలరునూ, ఆ మొహాన్నీ తనివితీరా చూసుకున్నాడు. పెద్ద రోడ్డు మీది రౌండబౌట్ దగ్గర భూమేశ్ బండి ఆపాడు. ఇక్కణ్ణుంచి మస్కట్ రోడ్డు ఎక్కాలి.

"స్కూల్ అచ్చింది, దిగు బిడ్డా," అన్నాడు.

తహ్రీమ్ బుద్ధిగా దిగింది. రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, తలుపు పట్టుకుంది.

"నువ్వు కూడా దిగు అబ్బా."

భూమేశ్ స్టీరింగు మీద కళ్ళు దించుకున్నాడు. అక్తరీ వచ్చి పిల్ల చెయ్యి పట్టుకుంది. రహీం తలుపు తనవైపు లాక్కుంటూ, నవ్వడానికి ప్రయత్నిస్తూ చెప్పాడు.

"నా స్టాపు ఇంకా ముందుంది."